రెండు సాడిళ్ళ గిటారు ఆత్మకథ

ఇది ఒక గిటారు చెప్పుకుంటున్న సొంత కథ. చెప్పేది తన గురించే అయినా మొదటి నుంచి చివరి దాకా అది తనను "ఈ గిటారు" అనే పిలుచుకుంటుంది. ఒక్క చోట పుట్టిన శరీరం కాదు దానిది. ముఖం సిట్కా స్ప్రూస్; అలాస్కా నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా పసిఫిక్ తీరం వెంట పెరిగే చెట్టు. వీపు, పక్కలు దక్షిణ భారతదేశపు రోజ్‌వుడ్. మెడ మహోగని. మెట్లు రాగి, జింక్, నికెల్ కలిపి చేసిన లోహం. లోహాన్ని వదిలేస్తే, ఈ చెక్కలన్నీ ఇప్పటికీ గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటాయి. చెట్టును కొట్టేసినా ఆ గుణం పోలేదు.

గిటార్లు తయారుచేసే మంచి ఫ్యాక్టరీల్లో గాలిలో తేమను 45–50 శాతం దగ్గర నిలిపి ఉంచుతారు. ఈ గిటారు చెక్కలు ఒకదానికొకటి అతుక్కున్నది ఆ గాలిలోనే. తర్వాత చేరింది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక మేడ మీది గదికి. కిటికీ తీస్తే సముద్రపు గాలి. వానలు మొదలయ్యేసరికి ఆ గదిలో తేమ 80 శాతం దాటింది.

పైచెక్క మందం మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఉక్కు తీగలు ఆరింటినీ శ్రుతి చేస్తే వాటి లాగుడు మొత్తం 70 కిలోల దాకా ఉంటుంది. తేమ మారినప్పుడు చెక్క నిలువునా దాదాపు మారదు. అడ్డంగానే ఉబ్బుతుంది, అడ్డంగానే కుంచించుకుపోతుంది. లోపల అడ్డదిడ్డంగా అతికించిన పట్టీలు మాత్రం తమ పొడవు వదులుకోవు. అందుకని ఉబ్బిన పైచెక్క పక్కలకు జరిగే దారి లేక, తీగలు కట్టే బ్రిడ్జి దగ్గర పైకి పొంగుతుంది. బ్రిడ్జితోపాటు దాని మీద కూర్చున్న ఎముక ముక్క, అంటే సాడిల్, దానితోపాటు తీగలు లేస్తాయి. పన్నెండో మెట్టు దగ్గర రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాల్సిన లావు తీగ మూడున్నరకు చేరింది. ఇంజనీరింగ్ చదువుతున్న యజమానురాలికి ఎఫ్ కార్డ్ పట్టగానే వేళ్ళు మండేవి.

జగదాంబ దగ్గర వాద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళింది.

"సాడిల్ కాస్త అరగదీసి తీగలు దించండి, బాబాయ్."

"ఇప్పుడు అరగదీస్తే సంక్రాంతికి తీగలు జుయ్యిమంటున్నాయని మళ్ళీ నా దగ్గరికే వస్తావమ్మా. తేమ దిగితే పైచెక్క దానంతట అదే దిగుతుంది. ముందు దీన్ని పెట్టెలో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. రెండు వారాలాగి చూద్దాం."

ఆయన మెడ పొడవునా స్కేలు ఆనించి కూడా చూశాడు. మెడలో ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. బిగించి వదులు చేయగలిగే ఆ కడ్డీకి గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేరిట 1923లో పేటెంట్ వచ్చింది. తీగల లాగుడుకు మెడ ఎక్కువగా వంగితే సరిచేసేది అది. పైచెక్క పొంగును దించడం దాని పని కాదు. మెడ వంపు ఉండాల్సినంతే ఉంది కాబట్టి ఆయన దాన్ని తిప్పే అలెన్ కీ బయటికే తీయలేదు. ఈ గిటారు ఆయనకు రుణపడి ఉంది. తేమ వల్ల వచ్చిన మార్పు తేమతో పోతుంది. ఆకురాయి తీసేసిన ఎముక మాత్రం తిరిగి రాదు. ఈ వరస తెలియక, వానాకాలంలో సాడిల్ కోయించుకుని ఎండలొచ్చాక కొత్తది కొనుక్కునే గిటార్లు ఎన్నో.

అదే ఇంట్లో అమ్మమ్మగారి బొబ్బిలి వీణ ఉండేది. పనస చెక్కతో చేసిన ఆ వాద్యానికి 24 మెట్లు, అన్నీ నల్లటి మైనంలో కూర్చినవే. ఎండలకు మైనం మెత్తబడి మెట్టు కదిలినా, తీగ రాపిడికి మెట్టు అరిగినా, తెలిసినవారు మైనం కరిగించి, చెవితో స్వరస్థానం చూసుకుంటూ మళ్ళీ నిలబెడతారు. ఈ గిటారుకు ఆ వెసులుబాటు లేదు. దీని మెట్లు చెక్కలో గాడి కోసి దిగ్గొట్టినవి. చెక్క కుంచించుకుపోయినా అవి కుంచించుకుపోవు.

అది మినియాపొలిస్‌లో బయటపడింది. యజమానురాలు ఎంఎస్ చదవడానికి వెళ్తూ తీగలు కాస్త వదులు చేసి, గట్టి పెట్టెలో తీసుకెళ్ళింది. డిసెంబరులో అరచేతితో మెడ తడిమితే మెట్ల కొసలు గీసుకున్నాయి. మెట్లు పెరగలేదు, వాటిని దిగ్గొట్టిన చెక్క, అంటే ఫింగర్‌బోర్డ్, కుంచించుకుపోయింది. పొంగి ఉండాల్సిన పైచెక్క చదునైంది, తీగలు దిగి మెట్లకు తగిలి జుయ్యిమన్నాయి. కారణం బయటి చలి కాదు, లోపలి హీటరు. మైనస్ 10 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి రెండు గ్రాములకు కాస్త మించి నీటి ఆవిరిని పట్టి ఉంచలేదు. అదే గాలి 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు పట్టగలదు. బయటి గాలిని లోపలికి తెచ్చి వేడి చేసి ఊరుకుంటే దాని తేమ 15 శాతం లోపుకు పడిపోతుంది. పైచెక్క పగుళ్ళు పుట్టేది ఇలాంటి గదుల్లోనే.

ఈ గిటారు పగలకముందే ఆమె మేలుకుంది. తేమ చూపే చిన్న హైగ్రోమీటరు కొని, దాన్ని నమ్మేముందు పరీక్ష పెట్టింది: మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీళ్ళు చల్లి, మీటరుతోపాటు గాలి చొరని సంచిలో రాత్రంతా ఉంచింది. తడి ఉప్పు తన చుట్టూ గాలిని 75 శాతం దగ్గర నిలుపుతుంది. మీటరు 81 చూపింది. అప్పటి నుంచి అది చూపిన అంకెలో ఆరు తీసేసి చదువుకుంటోంది. ధ్వనిరంధ్రంలో వేలాడే తడి స్పాంజి గొట్టం ఒకటి పెట్టింది, నీరు కారకుండా పిండి మరీ. ఈ గిటారును గోడ మీంచి తీసి పెట్టెలోకి మార్చింది, ఎందుకంటే గదినంతా తడిపే కంటే పెట్టెను తడిపి ఉంచడం తేలిక. రోజులు గడిచేకొద్దీ పైచెక్క మెల్లగా తన వంపు తెచ్చుకుంది.

తేమకు తిరుగుదారి ఉంది, అరుగుదలకు లేదు. అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ 1969 నుంచి వాయిస్తున్న మార్టిన్ ఎన్-20 గిటారు "ట్రిగ్గర్" పైచెక్కకు, తీగలు మీటే పిక్ గీరుకుని గీరుకుని ధ్వనిరంధ్రం దగ్గర పెద్ద కన్నమే పడింది. ఆస్టిన్‌లో గిటార్లు బాగుచేసే మార్క్ ఎర్ల్‌వైన్ ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండబట్టి అది ఇంకా పలుకుతోంది. ఈ గిటారుకు కన్నం లేదు కానీ, సి, జి, డి కార్డులు పట్టే మొదటి మూడు మెట్ల మీద తీగల కింద గాళ్ళు పడ్డాయి. వాటిని చదును చేసి, తలలు మళ్ళీ గుండ్రంగా తీర్చారు. ఇంకోసారి చదును చేసేంత లోహం మిగిలింది. ఆ తర్వాత కొత్త మెట్లు వేయాల్సిందే. ఆ రోజును వెనక్కి జరపడానికి ఆమె చేసే పని చిన్నదే: వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగలు తుడుస్తుంది. తుప్పు పట్టి గరుకెక్కిన తీగ మెట్టును ఇంకా తొందరగా కోస్తుంది.

ఇప్పుడు ఈ గిటారుకు రెండు సాడిళ్ళు. చలికాలంలో పైచెక్క దిగినప్పుడు ఎత్తయినది, తేమ కాలంలో పొంగినప్పుడు పొట్టిది. ఎముక అరగదీయకుండా, ముక్కనే మార్చుకునే ఈ పద్ధతి గిటారు బాగుచేసేవాళ్ళు చాలామంది ఎరిగినదే. వచ్చే జూలైలో ఆమె సెలవులకు విశాఖ వస్తోంది, ఈ గిటారూ వస్తోంది. పొట్టి సాడిల్‌ను కాగితంలో చుట్టి, పెట్టెలోని చిన్న అరలో సిలికా జెల్ పొట్లాల పక్కన పెట్టింది. దిగిన రోజే మార్చేయదు. పైచెక్క అక్కడి గాలికి స్థిరపడటానికి రెండు వారాలిచ్చి, పన్నెండో మెట్టు దగ్గర కొలిచి, రెండున్నర మిల్లీమీటర్లు దాటితేనే మారుస్తుంది.