ఏకాంబరం గారి ఒకే ఒక్క రిమోట్

చెన్నైలో నాలుగు తెలుగు కుటుంబాలున్న ఏ అపార్టుమెంటుకైనా వెళ్లండి, అందులో ఒక ఏకాంబరం గారు తప్పకుండా ఉంటారు. అసలు పేరు ఏదైనా కావచ్చు. సొంతూరు నెల్లూరో గూడూరో, రిటైరైంది బ్యాంకులోనో రైల్వేలోనో. ఎన్నేళ్లయినా నోట 'మద్రాసు' తప్ప చెన్నై రాదు. ఆయన జీవితాశయం ఒక్కటే: టీపాయ్ మీదున్న ఐదు రిమోట్లనూ ఒక్కటి చేయడం.

ఈ ఐదింటి పాపం ఎక్కడ మొదలైందో ఆయన ఎప్పుడో తేల్చేశారు. 2003 సెప్టెంబరు 1న కేబుల్ టీవీకి 'కాస్' పద్ధతి దేశంలో మొదట అమలైంది ఈ ఊళ్లోనే. పే చానళ్లు కావాలంటే సెట్‌టాప్ బాక్సు పెట్టుకోక తప్పలేదు. "దేశంలో రెండో రిమోట్ పుట్టిన ఊరండీ ఇది" అంటారాయన. అంతకుముందు వీసీపీకీ రిమోట్ ఉండేది కదా అంటే, అద్దెకు తెచ్చుకున్నవి లెక్కలోకి రావంటారు. ఆ తర్వాత డీవీడీ వచ్చింది, హోమ్ థియేటర్ వచ్చింది, అబ్బాయి అమెరికా నుంచి ఓ స్ట్రీమింగ్ డబ్బా తెచ్చాడు.

ఆయన భార్య మాత్రం ఈ ఐదింటినీ ఏనాడో లొంగదీసుకున్నారు. టీవీ రిమోట్ మీద గోళ్ల రంగుతో ఒక చుక్క, బాక్సు రిమోట్ మీద రెండు, స్పీకర్ల దాని మీద మూడు. జెమినీలో సీరియల్ టైముకి చుక్కల వరసన నొక్కుకుంటూ పోతారు, బొమ్మ వస్తుంది. దీన్ని ఏకాంబరం గారు పద్ధతి అనరు, మూఢనమ్మకం అంటారు.

ఆయన అడ్డా రిచీ స్ట్రీట్. మౌంట్ రోడ్డు నుంచి లోపలికి తిరిగి నరసింగపురం వీధిలో అడుగు పెడితే చాలు, ఆయన నడక మారిపోతుంది. వైర్ల చుట్టలు, విప్పేసిన ల్యాప్‌టాప్‌లు, స్పీకర్ కోన్లు, వాటి మధ్య గుత్తులుగా వేలాడే రిమోట్లు. పాతది చూపిస్తే కొట్టువాడు మోడల్ నంబరు కూడా అడగడు, చెయ్యి చాచి అచ్చం అలాంటిదే తీసిస్తాడు. అక్కడితో పని అయిపోవాలి. కానీ పని అయిపోవడం ఏకాంబరం గారికి గిట్టదు. "ఇది కాదప్పా, లెర్నింగ్ టైప్!" అంటారు. "వేణాం సార్, ఇదుదాన్ ఈజీ" అని వాడు మొత్తుకుంటాడు. బేరం పోగొట్టుకోవడానికి అంత తాపత్రయపడే వ్యాపారిని నేను మరెక్కడా చూడలేదు.

రాత్రి భోజనాలయ్యాక ఉపదేశం. పాత రిమోట్‌నీ కొత్తదాన్నీ ముక్కుకు ముక్కు ఆనించి పడుకోబెడతారు. గురువు మీద ఒక బటన్ నొక్కితే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు సెకనుకు దాదాపు 38 వేల సార్లు మినుకుమంటూ సంకేతం పంపుతుంది. శిష్యుడు దాన్ని బట్టీపట్టి ఎర్ర దీపం ఆర్పి 'సరే' అంటాడు. ఫ్యాను గాలికి పేపరు కదిలినా ఆయన ఒప్పుకోరు. ఆపిల్ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ 1987లోనే ఇలా నేర్చుకునే రిమోట్ తెచ్చాడని, ఆవులిస్తున్న భార్యకు చెబుతుంటారు. లాజిటెక్ వాళ్లు ఇదే కోవకు చెందిన హార్మనీ రిమోట్ల తయారీ ఆపేశారని 2021లో చదివిన రోజు ఆయన మధ్యాహ్నం కాఫీ ముట్టలేదు.

చిక్కంతా పవర్ బటన్‌తోనే. చాలా పరికరాలకు ఆన్ చేయడానికీ ఆఫ్ చేయడానికీ ఒకటే సంకేతం. మెలకువగా ఉంటే పడుకుంటుంది, పడుకుని ఉంటే లేస్తుంది. ఏకాంబరం గారు టీవీ, బాక్సు, స్పీకర్లు మూడింటి సంకేతాలనూ ఒక్క బటన్‌లో కూర్చారు. మూడూ ఒకే దారిలో ఉన్నంతకాలం దివ్యంగా ఉంటుంది. ఒక్కసారి కరెంటు పోయి వచ్చిందో, బాక్సు తనంతట తాను లేచి కూర్చుంటుంది, టీవీ మాత్రం లేవదు. ఇప్పుడు నొక్కితే టీవీ లేస్తుంది, బాక్సు పడుకుంటుంది. మళ్లీ నొక్కితే బాక్సు లేస్తుంది, టీవీ పడుకుంటుంది. 2012లో చెన్నైకి రోజూ రెండు గంటల కోత నడిచిన రోజుల్లో, ఆ ఇంట్లో కరెంటు ఉన్నప్పుడు కూడా సీరియల్ లేదు.

రిమోట్లు ఐదున్నప్పుడు టీవీ పెట్టడానికి ఆయన అక్కర్లేదు. ఒక్కటయ్యాక ఆయన లేకుండా పెట్టలేరు. లామినేషన్ చేయించిన సూచనల కాగితం గోడకు వేలాడుతూనే ఉంది. అందులో నాలుగో సూచన 'మూడో సూచన పనిచేయకపోతే' అని మొదలవుతుంది. నటేశన్ పార్కులో వాకింగ్ సగంలో ఉండగా ఇంటి నుంచి వీడియో కాల్ వస్తుంది. ఆయన బెంచీ మీద కూర్చుని వైద్యం మొదలుపెడతారు.

"సెల్ఫీ కెమెరా ముందు రిమోట్ పెట్టి నొక్కు. ఊదారంగు వెలుగు కనిపిస్తోందా?"

"కనిపిస్తోందండీ."

"అయితే రిమోట్‌ది తప్పు కాదు."

ఎవరిదో మాత్రం చెప్పరు. ఆవిడకు అర్థమవుతుంది.

ఈ మధ్య ఆవిడ సీరియల్ వేళకు పై వాటాకు వెళ్తున్నారు. అక్కడి కుర్రాడు కొత్త టీవీ, సౌండ్‌బార్, స్ట్రీమింగ్ స్టిక్ కొన్నాడు. ఓ శనివారం ఏకాంబరం గారు వెతుక్కుంటూ పైకెళ్లేసరికి సీరియల్ అయిపోయింది. ఆవిడ టీవీ రిమోట్ తీసుకుని ఒక్క బటన్ నొక్కారు. టీవీ ఆగింది, సౌండ్‌బార్ ఆగింది, స్టిక్కూ నిద్రపోయింది. హెచ్‌డీఎంఐ వైరులోంచే పరికరాలు ఒకదానికొకటి కబురు చెప్పుకునే సీఈసీ అనే ఏర్పాటు అది. శాంసంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. కుర్రాడికి ఆ పేర్లేవీ తెలియవు. తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు.

ఏకాంబరం గారు సోఫా అంచున కూర్చున్నారు.

"ఎవరు సెట్ చేశారు బాబూ?"

"ఎవరూ చేయలేదంకుల్. దానంతటదే అయింది."

"దానంతటదే అయితే, రేపు తేడా వస్తే ఎవర్ని పిలుస్తావు?"

కుర్రాడు తెల్లమొహం వేశాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని, సెట్టింగుల్లోకి వెళ్లి, ముందు ఆ సీఈసీని ఆఫ్ చేసేశారు. మర్నాడు ఆదివారం, రిచీ స్ట్రీట్‌లో కొట్లు చాలామటుకు మూసే ఉంటాయి. "సోమవారం పదిన్నరకి తయారుగా ఉండు" అన్నారు లేస్తూ, "లెర్నింగ్ టైప్ ఇప్పిస్తాను."