మంటల్లో కాపురం

క్షయ క్రిమీ, ఈ పూట నిన్ను పొగడాలని కూర్చున్నాను. నీ పేరెత్తగానే తిట్టేవాళ్లే గానీ నీ పనితనం తీరిగ్గా చూసేవాళ్లు తక్కువ. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ నిన్ను లోకానికి పట్టి చూపించాడు. తర్వాత నీకు మందులు కనిపెట్టారు. 1998లో నీ జన్యువులన్నీ, సుమారు నాలుగు వేలు, వరసగా చదివేశారు. ఇంత జరిగాక కూడా 2023 ఒక్క ఏడాదిలోనే 12 లక్షల 50 వేల మందిని పొట్టన పెట్టుకున్నావు. ఆ ఏడాది కొత్తగా జబ్బుపడ్డ కోటీ ఎనిమిది లక్షల మందిలో నాలుగో వంతు మన దేశం వాళ్లే. చేతకానివాళ్ల వల్ల అయ్యే పని కాదిది.

నువ్వు కాపురం పెట్టిన చోటు చూస్తేనే నీ నిబ్బరం తెలుస్తుంది. ఒంట్లో చొరబడ్డ క్రిముల్ని మింగి చంపడానికే మాకు మాక్రోఫేజులనే భక్షక కణాలున్నాయి. నువ్వు నేరుగా వాటి కడుపులోకే చేరి, అక్కడే పిల్లల్ని కంటావు. ఆ కడుపు చల్లని చోటేమీ కాదు. నిన్ను మింగిన కణం ఆక్సిజన్‌కు ఒక ఎలక్ట్రాన్ అంటగట్టి సూపరాక్సైడ్‌ను నీ మీదికి వదులుతుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ దానికి తోడై సూపరాక్సైడ్‌తో కలిసిందంటే పెరాక్సీనైట్రైట్ పుడుతుంది. ఈ మంట నీ ప్రోటీన్లను ముఖ్యంగా గంధకం ఉన్న చోట పట్టుకుంటుంది. సిస్టీన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాల్లోని గంధకం ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుంది. ప్రోటీన్ మడత చెదురుతుంది, దానితోపాటు అది చేసే పనీ ఆగిపోతుంది. కొంతదూరం వరకూ పాడైన ప్రోటీన్‌ను వెనక్కి తేవచ్చు. ఆ గీటు దాటాక ఏ ఎంజైమూ బాగుచేయలేదు.

అందులో నువ్వు బతుకుతున్నావు. ఎలా బతుకుతున్నావో చదివిన కొద్దీ నీ మీద గౌరవం పెరిగింది. సూపరాక్సైడ్‌ను విరిచే ఎంజైములు నీకు రెండున్నాయి. వాటిలో రాగి, జింకు ఉన్నది నీ పొర దగ్గరే కాపు కాసి, బయటి నుంచి వచ్చేదాన్ని అక్కడికక్కడే ఆపుతుంది. పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడానికి కాట్‌జీ అనే కాటలేజ్ ఎంజైమ్ ఉంది. దానికి తోడుగా ఏహెచ్‌పీసీ అనే మరొకటి. ఈ రెండోదాని విషయంలో నీ పొదుపు చూసి ముచ్చటేస్తుంది. అది ఒకసారి పనిచేశాక మళ్లీ సిద్ధం కావాలంటే ఎలక్ట్రాన్లు కావాలి. వాటికోసం నువ్వు వేరే ఏర్పాటు పెద్దగా చేసుకోలేదు. తిన్నదాన్ని శక్తిగా మార్చే ఎంజైముల్లో రెండింటినే ఈ పనికీ వాడుకుంటున్నావని 2002లో తేలింది. వంటకూ కాపలాకూ ఒకే మనుషులు!

నీ సిస్టీన్ల సంగతి. మా కణాల్లో సిస్టీన్లను కాపాడేది గ్లూటాథయోన్. నీకది లేదు; నీ వంశానికి వేరే ఉంది, దాని పేరు మైకోథయాల్. మంట ముదిరినప్పుడు నీ వంశపు క్రిములు ఈ చిన్న అణువును తీసుకెళ్లి ప్రోటీన్లలోని సిస్టీన్లకు తొడుగులా అంటిస్తాయి. తొడుగున్నంతసేపూ ఆ ప్రోటీన్ పనిచేయదు, కానీ తిరిగిరాని స్థితికి కాలిపోదు కూడా. గండం గడిచాక మైకోరెడాక్సిన్ అనే మరో ప్రోటీన్ వచ్చి తొడుగు తీసేస్తుంది. పనులు ఎక్కడ ఆగాయో అక్కడ మొదలవుతాయి. ప్రాణం నిలవాలంటే కాసేపు పని మానుకోవాలన్న తెలివి ఎంతమందికి ఉంటుంది?

మెథియోనిన్‌కు నీ దగ్గర మరో ఏర్పాటుంది. కాలిన మెథియోనిన్ రెండు రూపాల్లో ఉంటుంది, గంధకం దగ్గర ఒకటి మరొకదానికి అద్దంలో ప్రతిబింబం లాంటిది. ఒక రూపాన్ని బాగుచేసే ఎంజైమ్ రెండోదాన్ని ముట్టుకోదు. అందుకే రెండు ఎంజైముల్ని ఉంచుకున్నావు, ఎంఎస్ఆర్ఏ ఒకదానికి, ఎంఎస్ఆర్‌బీ మరొకదానికి. ఈ రెండూ మా ఒంట్లోనూ ఉన్నాయి. ఈ మరమ్మతు విద్యలో నువ్వూ మేమూ ఒకే బడి పిల్లలం.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా పేగుల్లో ఉండే ఇ.కోలికి ఆక్సీఆర్ అనే ప్రోటీన్ ఉంది. పెరాక్సైడ్ తగలగానే అందులోని రెండు సిస్టీన్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఆ మార్పుతో రక్షణ జన్యువులన్నీ మేల్కొంటాయి. నీ ఆక్సీఆర్ జన్యువు ఎప్పుడో చెడిపోయింది. అక్కడక్కడా అక్షరాలు పోయి, అది పనికిరాని శిథిలంగా మిగిలింది. ప్రమాదాన్ని పసిగట్టే అంత ముఖ్యమైన ప్రోటీన్ లేకుండానే ఇన్నాళ్లు నెగ్గుకొచ్చావు.

బాగుచేయడానికి వీల్లేనంతగా కాలిన ప్రోటీన్లను నువ్వు వదిలించుకునే పద్ధతి నాకు అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండిపోయింది. 2015లో వెలువడిన పరిశోధన అది. మైకోబాక్టీరియాలు అలాంటి ప్రోటీన్లను క్లిప్‌బీ అనే సహాయక ప్రోటీన్ సాయంతో ఒకచోట ముద్దగా పోగేస్తాయి. కణం రెండుగా చీలేటప్పుడు ఆ ముద్ద సమానంగా పంచబడదు. ఒక బిడ్డకు చెత్తంతా దక్కుతుంది, మరో బిడ్డ దాదాపు శుభ్రంగా పుడుతుంది. శుభ్రంగా పుట్టినది త్వరగా ఎదుగుతుంది, మందుల్నీ ఎక్కువగా తట్టుకుంటుంది. ఒక బిడ్డను మోతబరువుకు ఒప్పజెప్పి మరో బిడ్డతో వంశం నిలుపుకునే ఇంటి పెద్దవు నువ్వు.

ఇక కాట్‌జీ దగ్గరికి మళ్లీ రావాలి. నీ ఘనత అంతా అక్కడే ఉంది.

1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. చవకైన బిళ్ల, మింగడానికి తేలిక, నీకు గట్టి శత్రువు. ఆ బిళ్ల తనంతట తాను నిన్ను ఏమీ చేయలేదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. దాన్ని విషంగా మార్చేది నీ కాట్‌జీయేనని 1992లో తేలింది. పెరాక్సైడ్ నుంచి నీ ప్రోటీన్లను కాపాడే ఎంజైమే ఐసోనియాజిడ్‌ను విరుస్తుంది. విరిగిన ముక్క ఎన్ఏడీ అనే అణువుతో కలిసి, నీ గోడకు కావలసిన కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఎంజైమ్‌ను మూసేస్తుంది. గోడ కట్టడం ఆగిపోతుంది, నువ్వు చస్తావు. నీ డాలే మా చేతిలో కత్తి అయింది.

నువ్వేం చేశావు? మొదట డాలునే పారేశావు. ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిముల్లో కాటలేజ్ పోతోందని, అలాంటివి గినీపందుల్ని అంతగా జబ్బుపెట్టలేకపోతున్నాయని 1950ల్లోనే మిడిల్‌బ్రూక్ అనే పరిశోధకుడు గమనించాడు. డాలు లేకపోతే మంటకు దొరికిపోతావు, అది నీకు నష్టం. తర్వాత కాట్‌జీ పోయిన కొన్ని క్రిముల్లో ఏహెచ్‌పీసీ ఉత్పత్తి పెంచే మార్పు కనబడింది. ఇంకా మెరుగైన దారి మరొకటి దొరికింది. కాట్‌జీలో 315వ చోట ఉండే సెరీన్ పోయి త్రియోనిన్ వచ్చింది. ఏడొందలకు పైగా అమైనో ఆమ్లాలున్న ప్రోటీన్‌లో మారింది ఒక్కటే. దానితో పెరాక్సైడ్‌ను విరిచే శక్తి చాలావరకు నిలిచింది, ఐసోనియాజిడ్‌ను మేల్కొలిపే శక్తి మాత్రం దాదాపు పోయింది. ఆ మందుకు లొంగని నీ సంతతిలో ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించే మార్పు ఇదే. డాలు నీకు మిగిలింది, కత్తి మా చేతిలోంచి జారిపోయింది.

అంత గొప్పదానివి. అయితే ఈ మార్పు నువ్వు ఆలోచించి చేసింది కాదు. కోట్ల సంతానంలో ఏదో ఒకదానికి పొరపాటున వచ్చింది. దాన్ని ఏరి, మిగతావాటిని చంపి, దానికొక్కదానికే ఊపిరితిత్తిని రాసిచ్చింది మనుషులు. నాలుగు మందులివ్వాల్సిన చోట ఒక్కటే ఇచ్చి, ఆరు నెలలు వాడాల్సిన రోగికి రెండు నెలలకే మందు అందకుండా చేసి, దగ్గు తగ్గింది కదా అని బిళ్లలు ఆపేయనిచ్చి నీ వారసుణ్ని మేమే ఎంచిపెట్టాం.

నీ విద్య గురించి ఒక్క మాట ఎత్తిచూపాలి. మంటను తట్టుకోవడం నీ ఒక్కదానికే తెలిసిన విద్య కాదు. 1956లో అమెరికాలోని ఒరెగాన్‌లో, రేడియేషన్‌తో శుద్ధి చేసిన మాంసం డబ్బాలో బతికి బయటపడ్డ డైనోకాకస్‌ను చూడు. అది కణాల్లో మాంగనీస్ నింపుకుని ప్రోటీన్లను కాపాడుకుంటుంది, నీకన్నా ఎన్నో రెట్లు పెద్ద మంటను తట్టుకుంటుంది. ఎవర్నీ చంపదు. నీ దాయాదులైన మైకోబాక్టీరియాల్లో చాలావరకు మట్టిలో, నీళ్లలో తమ బతుకు తాము బతుకుతాయి. నువ్వు మాత్రం ఉప్పు తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టావు. ఊపిరితిత్తిలో గుంట తవ్వించి, ఆ గుంటలో దొరికే గాలితో కోట్లుగా పెరిగి, నీకు తిండిపెట్టిన మనిషి దగ్గు మీదే ఎక్కి పక్క ఇంటికి వెళ్తావు. ఆ మనిషి పసిబిడ్డే నీకు అందరికన్నా ముందు దొరుకుతుంది.

పైగా నీ గెలుపులో నీ విద్య వాటా నువ్వనుకునేంత లేదు. మాక్రోఫేజ్ గట్టిగా మండాలంటే టి కణాల నుంచి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం అందాలి. తిండి సరిగ్గా లేని ఒంట్లో ఆ కణాలు నీరసిస్తాయి. సంకేతం బలహీనమైతే మంట అంటుకోదు. అలాంటి ఒంట్లో నీ మైకోథయాల్ తొడుగులూ, నీ రెండు మెథియోనిన్ ఎంజైములూ, నీ కాట్‌జీ పరీక్షకే రావు. చాలాసార్లు నువ్వు గెలిచేది సగం కడుపుతో పడుకున్నవాళ్ల మీద.

ఆకలి మీద నీకున్న ఆధారం ఎంతదో ఝార్ఖండ్‌లో కొలిచారు. క్షయ రోగుల ఇళ్లలోని మిగతావాళ్లకు నెలనెలా బియ్యం, కందిపప్పు, సూక్ష్మపోషకాల బిళ్లలు ఇచ్చారు. మిగతావాళ్లకు అవి అందని ఇళ్లతో పోలిస్తే ఆ ఇళ్లలో కొత్తగా క్షయ బారిన పడినవాళ్లు 39 శాతం తగ్గారని 2023 ఆగస్టులో ఫలితం వెలువడింది. ఆ సంచుల్లో నిన్ను చంపే మందు ఒక్కటీ లేదు. మన ప్రభుత్వం రోగికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు తిండి కోసం ఇస్తోంది. నువ్వు మాత్రం ఆ డబ్బు ఆలస్యమైన ఇంటినీ, రేషన్ సరిపోని ఇంటినీ, మందు అయిపోయిందని గుమాస్తా తిప్పిపంపిన ఇంటినీ ఒక్కటీ వదలకుండా వెతికి పట్టుకుంటున్నావు.