లైట్ ఫుడ్ తినండి

మా పెదనాన్నది తాండూరు. రక్తం, జిగటతో రోజుకు పదిసార్లు దొడ్డికి పోయే మనిషి. పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ చేయాలన్నారు. హైదరాబాద్‌లో పేరెందుకులెండి, ఒక పెద్దాసుపత్రి కౌంటర్లో చేతికో చీటీ ఇచ్చారు. మొత్తం ఇంగ్లీషే. జిరాక్సుకు జిరాక్సు తీసిన కాగితం, ఫోన్ నంబరు ఉండాల్సిన చోట మసి. చదివి చెప్పమంటే కౌంటరమ్మాయి మూడు ముక్కల్లో తేల్చింది: "లైట్ ఫుడ్ తినండి, పౌడర్ తాగండి, పొద్దున ఎనిమిదింటికి రండి." దీన్నే పేషెంట్ ఎడ్యుకేషన్ అంటారట.

తాండూరులో లైట్ ఫుడ్ అంటే? 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కందిపప్పు ఊరది. పథ్యమన్నా పప్పే, కాస్త పల్చగా. పక్కన జొన్నరొట్టె, పాలకూర. పరీక్ష ముందు రెండు మూడు రోజులు మానాల్సినవి సరిగ్గా ఆ మూడే! ఆ ముక్క తెలుగులో రాస్తే ఆసుపత్రి నాపరాళ్లేమైనా అరిగిపోతాయా? ముందురోజు "క్లియర్ లిక్విడ్స్" అని కూడా ఉంది. పెదనాన్న మజ్జిగ పలచన చేసుకున్నాడు. (కల్లు ముట్టలేదు. ముట్టినా తప్పుపట్టను, అదీ ద్రవమే.) గ్లాసు వెనక వేలు పెడితే కనపడాలని ఎవరు చెప్పారు గనక?

పొట్లం మీద బరువు 137.15 గ్రాములని దశాంశాలతో సహా వేశారు. కలపాల్సిన 2 లీటర్లను ఎప్పుడెప్పుడు తాగాలో మాత్రం గాలికొదిలేశారు. సగం రాత్రి, మిగతా సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు. అంటే తెల్లవారుజామున తాండూరులో తాగేసి, జనరల్ బోగీ ఎక్కి, వికారాబాద్, శంకర్‌పల్లి, లింగంపల్లి దాటాలి. లెట్రిన్ తలుపుకు అడ్డంగా మూటలు, మూటల మీద మనుషులు. చీటీ రాసిన మహానుభావుణ్ని అదే మందు తాగించి ఒక్కసారి ఎక్కించాలి!

పెదనాన్న రెండో సగం పారబోశాడు. "నాకు ఎట్లనూ పదిసార్లు అయితది గద బిడ్డా, ఇంక మందెందుకు?" లాజిక్కు పక్కా. రోగంతో వచ్చే విరేచనం వేరని, చివరికి మూత్రమంత తేటగా పసుపునీళ్లే రావాలని తెలిస్తే కదా.

ఇది పాలకూర గొడవే అయితే నవ్వుకుని వదిలేద్దును. పేగు క్షయ, క్రోన్స్ వ్యాధి (పేగు వాచి పుండ్లు పడే దీర్ఘరోగం) కొలనోస్కోపీ తెరమీద కవలల్లా ఉంటాయి; పేగు శుభ్రంగా లేకపోతే తేడా అసలే తేలదు. క్షయను క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. క్రోన్స్‌ను క్షయ అనుకుంటే నెలల తరబడి క్షయ మాత్రలు. అనంతగిరి గుట్టమీద క్షయ ఆసుపత్రి ఉన్న జిల్లావాళ్లకు ఈ తేడా విడమరచి చెప్పడం అంత కష్టమా? పొడికి బదులు ఫాస్ఫేట్ విరేచన మందు సీసా తాగితే అదే పేగులో చిన్న పుండ్లు పుట్టించి, లేని క్రోన్స్‌ను చూపించగలదు. చీటీలో దాని ఊసే లేదు.

చివరికి పరీక్ష రోజు తెరమీద పాలకూర తునకలు, టమాట గింజ. రిపోర్టులో: "పేషెంట్ ప్రిపరేషన్ సరిగా లేదు. మళ్లీ చేయాలి." ఫీజు కూడా మళ్లీ. కౌంటరమ్మాయి ఇంకో చీటీ ఇచ్చింది. ఈసారి మసి ఇంకాస్త పెరిగింది.

పెదనాన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకుని అడిగాడు: "మళ్లా లైట్ ఫుడ్డేనా అమ్మా?"