పిన్నీసు గండం

టీవీ పక్కన, వినాయకుడి బొమ్మ వెనక, రెండు యాంటెనాలు నిక్కబొడుచుకుని కూర్చుని ఉంటాను. ఈ ఇంటి వైఫై రౌటర్‌ని. దీపాలన్నీ పచ్చగా వెలిగినంతసేపూ నా ఊసే ఎవరికీ పట్టదు. ఒక్కటి ఎర్రబడిందా, నానమ్మతో సహా అందరూ నా ముందే. "ఒరేయ్, ఓసారి ఆపి మళ్లీ వెయ్యరా!"

నాది అపార్టుమెంటు వాచ్‌మన్ లాంటి కొలువు. బయటి లోకానికి ఈ ఇల్లంతటికీ ఒకటే ఐపీ అడ్రసు. ఐపీవీ4 పద్ధతిలో ప్రపంచం మొత్తానికీ ఉన్నవి సుమారు 429 కోట్లే. ఫోనుకొకటి చొప్పున పంచితే ఏ మూలకి? అందుకే గడప లోపల నంబర్లు నేనే ఇస్తాను: అమ్మ ఫోనుకి 192.168.1.5, బాబు ఫోనుకి 192.168.1.6. ఈ పంపకమే డీహెచ్‌సీపీ. సొంతానికి కాదు, అద్దెకి. గడువు తీరేలోగా పొడిగించుకోవాలి. ఎవరు ఏం అడిగారో పద్దు రాసుకుని, జవాబు రాగానే అడిగినవాళ్లకే అందించడం న్యాట్.

నాకు గొంతులు రెండు. 2.4 గిగాహెర్ట్జ్ గొంతు గోడలు దాటి వెనక గదికీ వినిపిస్తుంది, కానీ వంటింట్లో మైక్రోవేవ్ తిరిగితే బొంగురుపోతుంది. 5 గిగాహెర్ట్జ్ గొంతు మహా చురుకు, గోడ అడ్డొస్తే మాత్రం నీరసం.

ఇంటాయన వైఫై పాస్‌వర్డు పక్కింటివాళ్లకి చచ్చినా చెప్పడు. కానీ నా సెట్టింగులకి మాత్రం పుట్టిననాటి తాళమే ఉండేది: పేరు అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే! వీధి తలుపుకి రెండు గడియలు, పెరటి తలుపు బార్లా. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి తాళాలే వెతుక్కుంటూ తిరిగి, మావాళ్లనీ, కెమెరాలనీ లక్షల్లో పట్టుకుంది. సంక్రాంతికి వచ్చిన అమ్మాయి బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి, ఆ తాళం మార్చి, ఫర్మ్‌వేర్ కూడా అప్‌డేట్ చేసి వెళ్లింది.

అయినా నా వీపున ఓ సన్న చిల్లుంది. అందులో పిన్నీసు పెట్టి పది సెకన్లు నొక్కితే పేరూ, అమ్మాయి మార్చిన తాళమూ తుడిచిపెట్టుకుపోతాయి. మళ్లీ ఫ్యాక్టరీలో పుట్టిన పసిగుడ్డునే. మొన్న నెట్ పోతే బాబు సరిగ్గా పిన్నీసుతోనే వచ్చాడు. నానమ్మ కిటికీలోంచి చూసి, "ఆగరా, వీధిలో స్తంభమెక్కి వైరు అతుకుతున్నారు" అంది.

చెప్పుకోడానికి నాకింకా గతమంటూ మిగిలిందంటే ఆవిడ చలవే.