రిటైరయ్యానని ఎవరితోనూ అనకండి

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో ముప్పై నలభై ఏళ్లు అమ్మగా, అత్తగా, వదినగా వేషాలు కట్టి, ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్న ఆడవాళ్లకి ఈ సలహాలు. మిగతా ఉద్యోగాలకైతే శాలువా, పూలదండ, పీఎఫ్ కాగితాలు ఉంటాయి. మనకి అవేం లేవు. ప్రొడక్షన్ మేనేజర్ ‘మళ్లీ చెప్తానమ్మా’ అన్న రోజే ఆఖరి రోజని తెలిసేసరికి రెండు మూడేళ్లు గడిచిపోతాయి.

ఆ రెండు మూడేళ్లని పాతికేళ్లకి సాగదీయడమే మన విద్య. ఎవరడిగినా ‘కథలు వింటున్నాను, నచ్చట్లేదు’ అనండి. అమెరికాలో ఉన్న కూతురికీ అదే చెప్పండి. ఎస్. జానకి గారు 2017లో మైసూరులో ఇదే నా ఆఖరి కచేరీ అని చెప్పి మరీ పాడారు. అంత తొందర మనకొద్దు. మనకి విజయశాంతి గారు ఆదర్శం. 2006లో ‘నాయుడమ్మ’ చేశాక మళ్లీ 2020 సంక్రాంతికి ‘సరిలేరు నీకెవ్వరు’లోనే కనిపించారు. చూశారా, పదమూడేళ్లు ఓపిక పడితే పిలుపొచ్చింది! ఆ మధ్యలో ఆవిడ తెలంగాణ ఉద్యమం, పార్టీలు, 2009లో మెదక్ ఎంపీగా గెలుపు అంటూ ఊపిరాడకుండా ఉన్నారన్నది అప్రస్తుతం. మీరు ఫోను పక్కనుంచి మాత్రం లేవకండి.

ఇక మనుషులు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

ముఖ్యంగా మీ హెయిర్ డ్రెస్సర్. తెల్లవారుజామున నాలుగున్నరకి పిన్నులు పళ్ల మధ్య పట్టుకుని, మీ సవరం దువ్వుతూ, మీ ఇంటి గొడవలన్నీ విన్నది ఆవిడే. పెద్దాడి పెళ్లి సంబంధం తప్పిపోయిన సంగతి మీ తోడబుట్టినదానికంటే ముందు ఆవిడకే తెలుసు. ఎడమ చెవి వెనక పిన్ను గట్టిగా దిగితే మీకు తలనొప్పి వస్తుందనీ తెలుసు. అలాంటి మనిషి సంక్రాంతికి అరిసెల డబ్బా పట్టుకుని కృష్ణానగర్ నుంచి ఆటోలో వస్తుంది. గేటు దగ్గరే పంపించేయండి. డబ్బు కోసమే వచ్చిందనుకోండి. అడక్కుండా వెళ్లిపోతే, వచ్చేసారి అడుగుతుందనుకోండి. పొరపాటున లోపల కూర్చోబెట్టారా, ‘మోకాళ్లెలా ఉన్నాయమ్మా’ అంటుంది. మీరు నిజం చెప్పేస్తారు.

మీవారి విషయానికొస్తే, మీరు షూటింగులకి తిరిగినన్నాళ్లూ ఆయన పగళ్లు ఆయనవే. పదకొండింటికి టీ తనే కాచుకోవడం అలవాటు. మీరు ఇంట్లో ఉండిపోయిన మొదటి వారమే వంటింటి డబ్బాలన్నీ మార్చేయండి. పంచదార ఉండే చోట ఉప్పు పెట్టండి. రోజుకెన్ని టీలో లెక్క రాయండి. ఆయన సాయంత్రం దాకా ఎఫ్‌ఎన్‌సీసీ క్లబ్బులోనే కాలక్షేపం చేయడం మొదలుపెడితే, నన్ను పట్టించుకునేవాళ్లే లేరని చెల్లెలికి ఫోన్ చేసి ఏడవచ్చు, చెల్లెలితో ఇంకా మాటలుంటే.

పాత స్నేహితురాళ్లు ఫిల్మ్ ఛాంబర్‌లో ఎవరి పార్థివదేహాన్నైనా ఉంచినప్పుడు కలుస్తారు కదా, చాలు. ‘ఒకరోజు ఇంటికి రావే’ అనుకోవాలి. వెళ్లకూడదు.

ఇన్ని చెప్పాక ఎవరో ఒకరు కృష్ణవేణి గారి పేరెత్తుతారు. మీర్జాపురం రాజావారి భార్య, 1949లో ‘మనదేశం’ తీసి ఎన్.టి. రామారావుని తెరకి పరిచయం చేసిన నిర్మాత, ఆ సినిమా కథానాయిక కూడా. తర్వాత కొన్నేళ్లకే వేషాలూ నిర్మాణమూ మానేశారు. 2025 ఫిబ్రవరి 16న ఇదే ఫిల్మ్‌నగర్‌లో కన్నుమూసేనాటికి ఆవిడకి నూరేళ్లు నిండాయి. నిర్మాతగా పేరు తెచ్చుకున్న కూతురు అనురాధాదేవి ఉండనే ఉన్నారు. ఇలాంటి ఉదాహరణలు వినకండి. వేషం లేకుండా అన్ని దశాబ్దాలు బతకొచ్చని తేలితే, మనం ఫోను పక్కన కూర్చున్నదంతా ఏ లెక్కలోకి వస్తుంది?

చివరగా, ఫోన్ మోగగానే ఎత్తకండి. నాలుగు రింగులు పోనిచ్చి, గొంతు సవరించుకుని, ‘షాట్‌లో ఉన్నానండీ, బ్రేక్‌లో మాట్లాడతా’ అనండి. కింది అంతస్తు నుంచి మనవరాలైతే, ‘నానమ్మా, ఇప్పుడే బాల్కనీలో బట్టలు ఆరేస్తూ కనిపించావుగా, అన్నానికి రా’ అంటుంది. ఆ పిల్ల నంబరు బ్లాక్ చేసేయండి.