టీడీఎస్ మీటరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టీడీఎస్ మీటరు గారి సముఖమునకు,

మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాల్లో తాగునీటి విషయంలో తమ మాటే తీర్పు. అధికారులు బదిలీ అవుతారు. తమరు మాత్రం ఆర్వో నీటి ప్లాంటు యజమాని చొక్కా జేబులో స్థిరంగా ఉంటారు. గ్లాసులో ముంచగానే 40 అంటే క్యాను అమ్ముడుపోతుంది, 900 అంటే ఆ నీళ్లు బట్టలుతకడానికి పోతాయి. ఇంత అధికారం చెలాయించేవారి అర్హత ఏమిటని ఎవరూ అడగలేదు. తమరు కొలిచేది నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో అంతవరకే. దాన్నిబట్టి కరిగిన లవణాలన్నీ కలిపి ఇంతని అంచనా కడతారు. అందులో ఉప్పెంత, కాల్షియమెంత, ఫ్లోరైడెంత అన్నది తమకు తెలియదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే అది ఐఎస్ 10500 ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ హద్దు 1.5కి రెట్టింపు. తమ అంకెలో అది కనిపించనే కనిపించదు.

ఈ నేల మీద ఆర్వో వద్దనడం నా ఉద్దేశం కాదు. దేశంలో ఫ్లోరైడ్ జబ్బయిన ఫ్లోరోసిస్‌ను మొదట వైద్యపత్రికకెక్కించిన 1937 నాటి పరిశోధన అప్పటి నెల్లూరు జిల్లాలో జరిగింది. కనిగిరి, పొదిలి, దర్శి ఆ జిల్లా నుంచే 1970లో కొత్త ఒంగోలు (తర్వాత ప్రకాశం) జిల్లాలో కలిశాయి. ఆర్వో పొర ఫ్లోరైడ్‌ను ఆపుతుంది, మంచిదే. దాంతోపాటు కాల్షియాన్నీ, మెగ్నీషియాన్నీ ఆపేస్తుంది. ఫ్లోరైడ్ ఎముకలకు చేసే చేటు కాల్షియం చాలని ఒంట్లోనే ఎక్కువ. ఎవరిని కాపాడటానికి ప్లాంటు పెట్టారో వాళ్లకే ఆ కొరత తగులుతోంది.

ఖనిజాలు తిండి నుంచి రావాలి గానీ నీళ్ల నుంచా అని తమ పక్షం వారు అడుగుతారు. చాలావరకు నిజమే. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు. లీటరుకు 50 ఉన్న నీళ్లు రెండు లీటర్లు తాగితే వచ్చేది 100. పూటపూటా పెరుగన్నం తినే ఇంటికి ఇది లెక్కలోకి రాదు. పాలన్నీ కేంద్రానికి పోసి, రాగిసంగటి మానేసి, రేషన్ బియ్యం, పచ్చడితో గడిపే ఇంటికి ఆ వందా అవసరమే. పైగా బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదని వంటకూ క్యానే దించుతున్నారు. ఖనిజాలు లేని నీళ్లలో ఉడికిస్తే కూరగాయల్లో ఉన్నవి కూడా నీళ్లలోకి దిగిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ప్రచురించిన సంకలనం హెచ్చరించింది.

ఆర్వో నీటిలో కాస్త బోరు నీళ్లు కలిపేస్తే సరి అన్నది యజమానుల ఉపాయం. కొన్ని ఊళ్లలో లెక్క కుదురుతుంది: ముడినీటిలో ఫ్లోరైడ్ 3 ఉంటే ఐదో వంతు కలిపినా సుమారు 0.6. అదే 6 ఉన్నచోట 1.2 అవుతుంది, వాంఛనీయ హద్దు 1 దాటినట్టే. ఇంకో చిక్కుంది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే కరగని ఖనిజమై విడిపోతాయి గనుక, ఫ్లోరైడ్ బాగా ఉన్న నీటిలో సాధారణంగా కాల్షియం తక్కువ. అక్కడ బోరు కలిపితే చేటు తిరిగొస్తుంది, మేలు మాత్రం రాదు. శుద్ధి చేసిన నీటిని సున్నపురాయి రేణువుల గుండా పంపడమే అలాంటి చోట దారి. తమరు ఈ రెండు రకాల నీళ్లకూ ఒకే 150 చూపించగలరు.

కృష్ణా నీళ్లు తెచ్చే వెలిగొండ పూర్తయితే ఈ గొడవే ఉండదంటారా? 1996లో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. నల్లమల కింద జంట సొరంగాల తవ్వకం ముగిసేసరికి 2024 వచ్చింది. నాకు అసలు భయం కృష్ణా నీళ్లు ఇంటింటికీ వచ్చాక. తమరు వాటికి క్యాను కంటే పెద్ద అంకె చూపిస్తారు, జనం మళ్లీ ప్లాంటు దారి పడతారు. టీడీఎస్ 500 లోపుంటే ఆర్వో వద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో చెప్పింది. పాపం, అదీ తమ అంకెనే నమ్మింది. 400 టీడీఎస్‌తో 3 ఫ్లోరైడ్ ఉన్న బోరుకు ఆ మాట ఎలా వర్తిస్తుంది?

తమరు రాజీనామా చేయనక్కర్లేదు. పొర పాడైందో లేదో చెప్పే కొలువుకు తమరు బాగా పనికొస్తారు. నీళ్లు మంచివో కావో తేల్చే పని మాత్రం గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు అప్పగించండి. ముడినీటిలోనూ క్యాను నీటిలోనూ ఫ్లోరైడ్ ఎంత, కాల్షియం ఎంత, పరీక్ష ఎప్పుడు జరిగింది అన్నవి ఆరునెలలకోసారి ప్రతి ప్లాంటు గోడ మీదా పలకపై రాయించాలి. మార్కాపురంలో పలకలకు కొదవ లేదు.

చిత్తగించవలెను.