అట్ట వైద్యం: ఒక సిద్ధాంత పరిశీలన

భారతదేశంలో అల్లోపతి, ఆయుర్వేదం, యునాని, సిద్ధ, హోమియోపతి వంటి వైద్య పద్ధతులకు ప్రభుత్వ గుర్తింపు ఉన్నది గాని, మార్కాపురం, కంభం, గిద్దలూరు పరిసరాల్లో ఇవన్నీ అక్కర లేకుండా చేసే మరొక పద్ధతికి ఇంతవరకు ఒక బోర్డు గాని, ఒక పట్టా గాని దక్కకపోవడం విచారించవలసిన విషయం. ఆ పద్ధతికి అట్ట వైద్యమని పేరు పెట్టవచ్చు. మాత్రలు పొదిగిన రేకును జనవ్యవహారంలో అట్ట అంటారు. ఎప్పుడో ఎవరికో పనిచేసిన మందు తాలూకు ఖాళీ అట్టను మెడికల్ షాపు బల్ల మీద పెట్టి, "అన్నా, ఇదే ఇంకొకటి ఇయ్యి" అనడంతో రోగనిర్ధారణ, చికిత్స, పునఃపరీక్ష మూడూ ఒక్క వాక్యంలో ముగిసిపోవడం ఈ పద్ధతి ప్రత్యేకత. జ్వరం, ఒళ్లునొప్పులు, గ్యాసు అనే ప్రాథమిక పాఠాలను ఏనాడో పూర్తిచేసిన ఈ శాస్త్రం ఇప్పుడు మూత్రాశయం మీద ఉన్నత పరిశోధనకు పూనుకున్నది.

పరిశోధనకు ఎంచుకున్న వ్యాధి కొంచెం గడుసుది. మూత్రపిండాల నుంచి దిగివచ్చే మూత్రాన్ని నిలవ చేసుకునే కండరపు సంచిని మూత్రాశయం అంటారు. పెద్దవారిలో అది 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా ఓపిక పట్టగలదు. అది నిండకముందే దాని గోడలోని డెట్రూసర్ అనే కండరం బిగుసుకొని ఆపుకోలేని తొందరను పుట్టిస్తే, ఆ తొందరతోపాటు పగలు పలుమార్లు, రాత్రి నిద్ర లేచి మరీ వెళ్లవలసి వస్తే, కొందరికి దారిలోనే కారిపోతే, అందుకు ఇన్‌ఫెక్షన్ వంటి మరో కారణమేదీ కనబడకపోతే, ఆ లక్షణాల కూటమికి అతిచురుకు మూత్రాశయమని పేరు. 2002లో అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ స్థిరపరచిన ఈ నిర్వచనానికి చివరి షరతే ప్రాణం. మరో కారణం లేదని తేలిన తరువాతనే ఈ పేరు పెట్టాలి. అట్ట వైద్యం మాత్రం, ఆఖరున ఉన్న షరతు కదా అని, దానిని చదవకుండానే పుస్తకం మూసేసింది.

ఈ పద్ధతిలో మొదటి సిద్ధాంతం పేరు వేడి. మూత్రంలో మంట పుట్టినా వేడి చేసినట్లే, మాటిమాటికీ వెళ్లవలసి వచ్చినా వేడి చేసినట్లే, రాత్రి నాలుగుసార్లు లేచినా పగటి ఎండ ఇంకా ఒంట్లోనే ఉన్నట్లే. దానికి విరుగుడు బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, సగ్గుబియ్యం జావ. ఇవి దాహం తీర్చే మంచి పానీయాలే గాని, రక్తంలో చక్కెర పెరిగినందువల్ల అతిగా మూత్రం పోస్తున్న మనిషికి బెల్లం కలిపిన జావ పోయడం మధుమేహానికి చేసే అతిథి మర్యాద అవుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మధుమేహం, మగవారిలో వయసుతోపాటు పెరిగే ప్రోస్టేట్ గ్రంథి, రక్తపోటుకో కాళ్లవాపుకో ఇచ్చే మూత్రం పెంచే మాత్ర, రక్తంలోని చక్కెరను మూత్రం దారిన బయటకు పంపే డపాగ్లిఫ్లోజిన్ వంటి మందు, రోజుకు ఆరేడు కప్పుల టీ, ఇవన్నీ ఇదే లక్షణాన్ని పుట్టించగలవు. వీటిని వేరుచేయడానికి మూత్ర పరీక్ష, చక్కెర పరీక్ష, వాడుతున్న మందుల జాబితా కావాలి. ఇన్ని ప్రశ్నలను ఒక్క మాటతో చల్లార్చగలిగిన సిద్ధాంతానికి వేడి అని పేరు పెట్టినవారి చమత్కారాన్ని మెచ్చుకోక తప్పదు.

బార్లీ ఓడిన చోట రెండవ సిద్ధాంతం రంగంలోకి దిగుతుంది. మనుషులందరి మూత్రాశయాలూ ఒకే అచ్చులో పోసినవి కాబట్టి, ఒంగోలులోనో కర్నూలులోనో డాక్టరు అత్తకు రాసిన మాత్ర కోడలికి, కోడలికి గుణమిస్తే వియ్యంకుడికి పనికివస్తుందని దాని సారాంశం. ఆ అట్టలో ఉండేది సాధారణంగా ఆక్సీబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనాసిన్, డారిఫెనాసిన్ వంటి మందులలో ఒకటి. మూత్రాశయ కండరాన్ని బిగించమని నరాలు పంపే రసాయన సందేశం అసిటైల్‌కోలిన్. ఆ సందేశాన్ని అందుకునే తలుపులు మస్కారినిక్ గ్రాహకాలు. ఈ మందులు ఆ తలుపులకు గడియ పెట్టడం వల్ల కండరం నెమ్మదిస్తుంది. అయితే ఆ తలుపులు మూత్రాశయం సొంత ఆస్తి కావు. లాలాజల గ్రంథుల్లో గడియ పడితే నోరు పిడచకట్టుకుపోతుంది, పేగుల్లో పడితే మలబద్ధకం వస్తుంది, కంట్లో పడితే చూపు మసకబారుతుంది. కంటిలోని ద్రవం బయటకు పోయే కోణం ఇరుకైన రకం నీటికాసులు ఉన్నవారికైతే చూపుకే ముప్పు రావచ్చు. అత్తకు నీటికాసులు లేవని డాక్టరు అడిగి తెలుసుకొని రాసిన మాత్ర వియ్యంకుడి కంటి సంగతి తెలుసుకొని ప్రవర్తిస్తుందని నమ్మడానికి మాత్రకు చుట్టరికం తెలిసి ఉండాలి.

ఊరిని బట్టి బరువు పెరిగే ప్రమాదం మరొకటి ఉన్నది. చెమట గ్రంథులు పనిచేయడానికీ అసిటైల్‌కోలిన్ సందేశమే ఆధారం కనుక, ఈ మందులు చెమటను తగ్గించి, తీవ్రమైన ఎండలో శరీరం తనను తాను చల్లబరచుకునే దారిని ఇరుకు చేస్తాయి. వడదెబ్బ తగలవచ్చునన్న హెచ్చరిక ఆక్సీబ్యుటినిన్ వాడుక పత్రంలోనే అచ్చయి ఉంటుంది. ఆ హెచ్చరిక రాసినవారు మే నెలలో మధ్యాహ్నం పూట కంభం నుంచి మార్కాపురం బస్సులో ప్రయాణం చేసి ఉండరు గాని, చేసి ఉంటే ఇంకా పెద్ద అక్షరాల్లో రాసి ఉండేవారు. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టే నేలలో నోరెండించే మందును, చెమటను ఆపే మందును, ఎండలో పనిచేసే మనిషి ఎవరినీ అడగకుండా మింగి మిరపచేనికి వెళ్లడం సాహసకృత్యమే. వేడి చేసిందని మొదలుపెట్టిన వైద్యం చివరకు నిజంగానే వేడి చేయడంతో ముగియడం ఆ శాస్త్రానికి ఉన్న ఏకైక తార్కిక సంపూర్ణత.

వృద్ధులైన మగవారి విషయంలో ఈ రెండవ సిద్ధాంతం తప్పు ఎక్కడ ఉన్నదో తెలియడానికి కంభం చెరువు గట్టు మీద నిలబడితే చాలు. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మ నదికి అడ్డుకట్ట వేసి కట్టిన ఆ చెరువుకు నీరు పద్ధతిగా వదిలే తూములు ఉన్నాయి, నిండిన తరువాత పొర్లిపోయే అలుగులు ఉన్నాయి. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రనాళాన్ని నొక్కినప్పుడు తూము మూసుకుపోయి, సంచి ఎన్నడూ పూర్తిగా ఖాళీ కాక, పైన మిగిలిన కాస్త చోటు నిండినప్పుడల్లా చుక్కలు చుక్కలుగా అలుగు పారుతుంది. చూసేవారికి అది అతిచురుకులాగానే కనబడుతుంది. ఆ స్థితిలో కండరాన్ని నెమ్మదింపజేసే మాత్ర వేయడమంటే అలుగు పారుతున్నదని ఉన్న తూమును కూడా బిగించడమే; ఒకనాటి రాత్రి మూత్రం పూర్తిగా బిగుసుకుపోయి, గొట్టం వేయించుకోవడానికి ఆస్పత్రికి పరుగెత్తవలసి రావచ్చు. మూత్రవిసర్జన తరువాత సంచిలో ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడడం కొద్ది నిమిషాల పని. చెరువు నీటిమట్టం చూడకుండా తూము జోలికి పోని రైతు, తన సంచి మట్టం చూడకుండా మాత్ర జోలికి పోవడం ఆశ్చర్యకరం.

పశ్చిమ ప్రకాశానికే చెందిన మరో ప్రశ్నను కూడా అట్ట అడగదు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే తాగునీటిలోని అధిక ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు చెడే వ్యాధిని, 1937లో తొలిసారిగా శాస్త్రీయంగా నమోదు చేసింది అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుంచి. ఆ జిల్లాలో ఉండిన కనిగిరి, పొదిలి ప్రాంతాలూ, కర్నూలు జిల్లాలో ఉండిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలూ 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో ఒకే ఇంటివయ్యాయి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఇక్కడి బోర్లు చాలావాటికి వినబడలేదు. ఏళ్ల తరబడి ఆ నీరు తాగినవారిలో వ్యాధి ముదిరితే, వెన్నెముక లోపలి దారి ఇరుకై, వెన్నుపాము నొక్కుకుపోయి, కాళ్లు బిగుసుకోవడం, తిమ్మిరెక్కడంతోపాటు మూత్రం మీద అదుపు తప్పడం కూడా జరగవచ్చు. అటువంటి మనిషి మూత్రాశయానికి మాత్ర వేసి ఊరుకోవడం, గంట మోగుతున్నదని గంట నాలుకకు గుడ్డ చుట్టి, ఇంట్లో అంటుకున్న మంటను అలాగే వదిలివేయడం వంటిది.

ఇన్ని ప్రశ్నలు ఉన్నందువల్లనే 1945 నాటి ఔషధ నియమావళి, షెడ్యూల్ హెచ్ మందులను రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ మీద మాత్రమే అమ్మాలన్నది. ఇక్కడ తెలుగు నేల చేసిన భాషాసేవను తక్కువ చేయరాదు. చట్టంలో ఆర్‌ఎంపీ అంటే వైద్య పట్టా పొంది వైద్య మండలిలో పేరు నమోదైనవారు. పల్లెలో ఆర్‌ఎంపీ అంటే పట్టా లేకుండా సంచి పట్టుకొని ఇంటింటికీ తిరిగే రూరల్ మెడికల్ ప్రాక్టీషనర్. మూడక్షరాలు మారలేదు, అర్థం మాత్రం అటుదిటయింది. ఆ ఇద్దరూ అందుబాటులో లేని వేళ, చీటీ అవసరాన్ని ఖాళీ అట్టే తీర్చేస్తుంది. నిజానికి చీటీ మందు పేరు రాసిన కాగితం ముక్క మాత్రమే అయితే అట్ట దానికి సరితూగేది. కాని చీటీ అనేది ఒక మనిషి కన్ను, పేగు, గుండె, మూత్రాశయం, ఇతర మందులు అనే ప్రశ్నలన్నిటికీ వచ్చిన జవాబుల కూడిక. ఇంకొకరి అట్ట వాడడమంటే ప్రశ్నపత్రాలు వేరువేరని తెలియక పక్కవాడి జవాబు చూసి రాయడమే.

మూడవ సిద్ధాంతం మోతాదుకు సంబంధించినది. ఖర్చు తగ్గడానికి మాత్రను సగానికి విరవడం, గుణం పెరగడానికి రెండు వేయడం ఇందులోని రెండు శాఖలు. ఈ.ఆర్., ఎల్.ఏ. అనే గుర్తులున్నవి రోజంతా కొద్దికొద్దిగా కరిగేలా తయారైన మందులు; విరిచినా, నూరినా రోజంతటి మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగవచ్చు. పూర్తి గుణం కనబడడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది గనుక, నాలుగు రోజులకే మాత్రను దోషిగా నిర్ణయించి రెట్టింపు చేయడం తొందరపాటు. అసలు జబ్బే తొందర కాబట్టి అది సహజమే కావచ్చు. దీనికి తోడు జలుబుకు క్లోర్‌ఫెనిరమిన్, కడుపునొప్పికి డైసైక్లోమిన్, నరాల మంటకు అమిట్రిప్టిలిన్ అదే అసిటైల్‌కోలిన్ తలుపులకు అదనపు గడియలు వేస్తాయి. ముసలివారిలో ఈ భారం కలిసి మతిమరుపు, తికమక, తూలిపడడం కలగవచ్చు. ఈ రకం మందుల దీర్ఘకాల వాడకానికీ మతిభ్రంశానికీ సంబంధం అధ్యయనాల్లో కనబడింది, అదే కారణమని మాత్రం ఇంకా రుజువు కాలేదు. తాతకు వయసు మీద పడిందని ఇంటిల్లిపాది అనుకునే సందర్భాల్లో కొన్నిటికి కారణం వయసు కాక అట్టల సంఖ్య కావచ్చు.

అందుకే ముసలివారికి మిరాబెగ్రాన్ అనే వేరే తరగతి మందును డాక్టర్లు పరిశీలిస్తారు. అమెరికాలో 2012లో అనుమతి పొందిన ఈ మందు మూత్రాశయంలోని బీటా-3 గ్రాహకాలను ప్రేరేపించి సంచిని వదులు చేస్తుంది కనుక, నోరెండడం, మలబద్ధకం తక్కువ. అంతమాత్రాన ఇది అమాయకమైనది కాదు. రక్తపోటును పెంచగలదు, 180/110 దాటిన అదుపులేని రక్తపోటు ఉన్నవారికి తగదు, మెటోప్రొలోల్ వంటి గుండె మందు స్థాయిని రక్తంలో పెంచుతుంది.

అట్ట వైద్యానికి ఆడవారి శాఖ ఒకటి ఉన్నది. అందులో మందు కూడా అవసరం లేదు, నీళ్లు మానేస్తే చాలు. పొలంలో గాని, పలకల పని చేసే చోట గాని మరుగుదొడ్డి లేని కూలి మహిళ పొద్దున గడప దాటినప్పటి నుంచి సాయంత్రం దాకా గొంతు తడుపుకోకుండా ఉండడాన్ని ఓర్పు అని లోకం మెచ్చుకుంటుంది. చిక్కబడిన మూత్రం సంచిని మరింత రేపుతుంది, మలబద్ధకం దానిని పక్క నుంచి నొక్కుతుంది, ఇన్‌ఫెక్షన్‌కు దారి తెరుచుకుంటుంది. గోడా తలుపూ కావలసిన జబ్బుకు ఓర్పును మందుగా రాసిన ఆ చీటీ మీద సంతకం ఎవరిదో లోకమే చెప్పాలి.

మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు 100 కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి ఇంకా ఎక్కువ కాబట్టి, ఒక రోజు కూలి పోగొట్టుకొని నిపుణుడి దగ్గరకు వెళ్లడం కంటె అట్ట చూపడం సులువన్న వాదంలో న్యాయం లేకపోలేదు. అయితే మొదటి ప్రశ్నలు దగ్గరలోని ప్రభుత్వాస్పత్రి డాక్టరు కూడా అడగగలరు. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, ముఖం వాచినా, ఎండలో చెమట పట్టకుండా ఒళ్లు కాలినా, మాట తికమకపడినా ఇక ఆ అట్టను పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసిందే. మందుకు ముందూ, మందుతోపాటూ చేయవలసిన వైద్యానికి పైసా ఖర్చు లేదు: తొందర పుట్టినప్పుడు మూత్రాన్ని ఆపే కటి కండరాలను బిగించి, రెండు విసర్జనల మధ్య గడువును పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవడం. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన ఈ కండరాల కసరత్తుకు అట్ట లేకపోవడమే బహుశా దాని లోపం.

అన్నిటికంటె ముందు కావలసినది మూడు రోజుల లెక్క: ఎన్ని గంటలకు ఎంత తాగారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఎంత పోశారు, తొందర ఎంత, దారిలో కారిందా లేదా. తరతరాల పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలను దేశానికి పంపిన మార్కాపురంలో ఈ లెక్క రాయడానికి సాధనం దొరకదనడం కుదరదు. అట్ట వైద్యులకు ఇక ఒక్క అభ్యంతరం మిగలవచ్చు. ఆ పలక మీది లెక్క ఎవరిది వారికే పనికివస్తుంది, వియ్యంకుడికి అరువివ్వడానికి వీలుండదు.